రికార్డు రాసిపెట్టబడును

పొద్దున్నే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్. "ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్, కెమిస్ట్రీ రికార్డులు రాసిపెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా? అర్జెంట్. హ్యాండ్‌రైటింగ్ నీట్‌గా ఉండాలి. రేటు పర్సనల్‌లో మాట్లాడుకుందాం."

గంట తిరక్కుండానే ముగ్గురు నంబర్లు పంపించారు. ఒక ఆంటీ అయితే "మా బాబుకి డయాగ్రమ్స్‌తో సహా చేసిచ్చారు, చాలా మంచోళ్లు" అని గ్యారంటీ కూడా ఇచ్చేశారు. పనమ్మాయి కావాలంటే ఎలా చెప్తారో అలా! ల్యాబ్‌లో చేసిన ప్రయోగాలు రాసుకునే ఆ రికార్డు పిల్లాడు కదా రాయాలి అని అడిగిన మనిషి ఒక్కరు లేరు. నీట్‌గా ఉండాలట. నిజమే మరి, అబద్ధం రాసేటప్పుడు అక్షరాలన్నా గుండ్రంగా ఉండాలి.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మన తెలంగాణ ఇంటర్ వెయ్యి మార్కుల్లో ఎంపీసీ వాళ్లకి 60, బైపీసీ వాళ్లకి 120 మార్కులు సైన్స్ ప్రాక్టికల్స్‌వే. సబ్జెక్టుకి 30. ఫిబ్రవరిలో పెడతారు. కూకట్‌పల్లి, మాదాపూర్, దిల్‌సుఖ్‌నగర్ ఎటు పోయినా కింద బట్టల షాపు, పైన జిమ్ము, మధ్య ఫ్లోర్లలో కాలేజీ. అందులో ల్యాబ్ అనే గది ఒకటి ఉంటుంది, దానికి తాళం ఉంటుంది. తెల్లారకముందు స్టడీ అవర్ మొదలుపెట్టి రాత్రి దాకా పిల్లల్ని కూర్చోబెట్టే కాలేజీకి ఆ తాళం తీయడానికి మాత్రం సంక్రాంతి వెళ్లాలి. తీశాక కూడా పిల్లలు చేసేదేం లేదు. సార్ ఒకాయన "డెమో" ఇస్తాడు, ఎనభై మంది వెనక నిలబడి మెడలు చాస్తారు. ఫలితం 30కి 30. ఇరవై ఎనిమిది వస్తే ఇంట్లో ఏడుపులు.

ఇప్పుడు ఆ నీట్ రికార్డుల్లో ఏం రాస్తారో చూద్దాం. సింపుల్ పెండ్యులం. ఏ పిల్లాడి రికార్డు తెరిచినా గురుత్వ త్వరణం (సెం.మీ./సె²ల్లో) 980, లేకపోతే 979.8. అంటే జవాబు ముందే వేసుకుని, దాన్నుంచి వెనక్కి లెక్కగట్టి టైములు నింపుతారన్నమాట. నిజంగా చేస్తే అలా రాదు బాబూ. మీటరు పొడవు పెండ్యులం ఒకసారి ఊగి రావడానికి రెండు సెకన్లు. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను తేడా వచ్చిందంటే ఒక్క ఊపు మీద పది శాతం తప్పు. జవాబులో టైము వర్గం అవుతుంది కాబట్టి అది ఇరవై శాతం. అందుకే 20 ఊపులు లెక్కపెట్టి భాగించమనేది. అప్పుడు నలభై సెకన్లలో 0.2 అంటే అర శాతమే. అలా జాగ్రత్తగా చేసినా 970 రావచ్చు, 990 రావచ్చు. పొడవు దారం వరకే కొలిచి గుండు వ్యాసార్ధం కలపడం మర్చిపోతే అక్కడే ఇంకో పది తగ్గుతుంది. అసలా గుండు వ్యాసం కొలవడానికే వెర్నియర్ చేతికిచ్చేది! 968 వచ్చి, ఎందుకు తగ్గిందో చెప్పగలిగిన పిల్లకి ఫిజిక్స్ వచ్చినట్టు. కానీ ఆ పిల్లకి మన దగ్గర మార్కులు కట్. 980 కాపీ కొట్టినవాడికి ఫుల్.

కెమిస్ట్రీ ఇంకా దారుణం. టైట్రేషన్ అంటే ఒక ద్రావణంలో ఇంకోటి రంగు మారేదాకా చుక్కచుక్కగా వదిలి లెక్కగట్టడం. ఆ చుక్కలు వదిలే గీతల గొట్టమే బ్యూరెట్. టేబుల్లో దాని రీడింగ్ 19.37 అని రాసి ఉంటుంది. అయ్యా, ఆ బ్యూరెట్ మీద గీతలు 0.1 మి.లీ.కి ఒకటి. బాగా కళ్లు చికిలించి చూస్తే 0.05 వరకు అంచనా వేయొచ్చు. ఆ 37 ఏ గీత మీద కనిపించింది? ఎగ్జామినర్ గారికి ఆ ఒక్క అంకె చాలు మొత్తం బండారం తెలియడానికి. తెలిసినా సంతకం పెడతారు, అది వేరే సంగతి.

పర్మాంగనేట్‌తో ఆగ్జాలిక్ ఆమ్లం టైట్రేషన్ ఒక్కసారైనా చేసిన పిల్లాడు జీవితంలో మర్చిపోడు. ఫ్లాస్కుని 60, 70 డిగ్రీలకి వేడి చేయాలి. వేడి చేసినా మొదటి చుక్క గులాబీ రంగు వెంటనే పోదు, కాసేపు సతాయిస్తుంది. తర్వాత చుక్కలు టక్కుటక్కున మాయమవుతాయి, ఎందుకంటే పుట్టిన మాంగనీస్ అయానే తర్వాతి చర్యని తరుముతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం తక్కువ పోస్తే గోధుమరంగు మడ్డి దిగుతుంది, ఇక ఆ రీడింగ్ పారబోసుకోవడమే. దాని బదులు హైడ్రోక్లోరిక్ పోస్తే పర్మాంగనేట్ దాన్ని కూడా తినేసి లెక్క పాడుచేస్తుంది. ద్రావణం ముదురు రంగు కాబట్టి బ్యూరెట్‌లో కింది వంపు కనిపించదు, పై అంచు దగ్గర చదవాలి. ఇవన్నీ గైడులో ఒక్కో లైను. చేతికి తగిలితే తప్ప బుర్రకెక్కవు. ఫిబ్రవరిలో మీ పిల్లల వేళ్లు చూడండి. పర్మాంగనేట్ మరక అంత తొందరగా పోదు. వేళ్లు తెల్లగా మెరుస్తూ మెమోలో ముప్పై ఉందంటే ఏం జరిగిందో నేను చెప్పక్కర్లేదు.

సాల్ట్ అనాలిసిస్ సంగతి ఎత్తకుండా ఉంటేనే బాగుంటుంది. నీలంగా ఉంటే కాపర్, అంతే, అనాలిసిస్ అయిపోయింది. నైట్రేట్ బ్రౌన్ రింగ్ రావాలంటే ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం అప్పటికప్పుడు కలపాలి. ల్యాబ్ సీసాలో ఉన్నది గతేడాదిది, పసుపెక్కి కూర్చుంటుంది, దాంతో రింగ్ ఎన్ని జన్మలకీ రాదు. రాకపోయినా రికార్డులో రింగ్ ఉంటుంది. స్కెచ్‌తో వేసిన రింగ్!

"జేఈఈకి ప్రిపేరయ్యే పిల్లలు, వాళ్లకి ల్యాబ్ టైమెక్కడిది" అనే మేధావులకి ఒక మాట. జేఈఈ మెయిన్ సిలబస్‌లో ప్రయోగ నైపుణ్యాలకి ప్రత్యేకంగా ఒక యూనిట్ ఉంది. వెర్నియర్, స్క్రూగేజ్, పెండ్యులం, మీటర్ బ్రిడ్జ్ అన్నీ అందులోవే. మన దగ్గర వాటినీ బోర్డు మీదే చెప్తారు. జీరో ఎర్రర్ పాజిటివ్ అయితే తీసేయ్, నెగెటివ్ అయితే కలుపు, రాసుకో, నెక్స్ట్ ప్రాబ్లమ్. దవడలు రెండూ మూసి సున్నా ఎక్కడ నిలిచిందో చూస్తే అర నిమిషంలో అర్థమయ్యేదాన్ని రెండేళ్లు బట్టీ పట్టిస్తారు. ఆ పిల్లాడే బీటెక్‌లో చేరి అమ్మీటర్‌ని బ్యాటరీకి అడ్డంగా పెట్టి ఫ్యూజు కొట్టేస్తాడు. అప్పుడు "ఈ కాలం పిల్లలు" అని మనమే తిడతాం.

2025లో ప్రాక్టికల్స్‌కి ల్యాబుల్లో సీసీ కెమెరాలు అన్నారు. సంతోషం. బ్యూరెట్ పక్కన పిల్లాడు నిలబడ్డాడో లేదో కెమెరా చెప్తుంది. 19.37 ఎక్కడిదో కెమెరా చెప్తుందా?

తల్లిదండ్రుల్ని కూడా వదిలేది లేదు. అడ్మిషన్‌కి వెళ్లి ఏసీ ఉందా, ఏ బ్యాచ్‌లో వేస్తారు, ఆదివారం టెస్టు ఉందా అని అడుగుతారు. ల్యాబ్ చూపించండి అని అడిగినవాళ్లు ఎంతమంది? వెళ్తే సింకు పంపు తిప్పండి, నీళ్లొస్తాయేమో. బర్నర్‌కి గ్యాస్ లైను ఉందా లేక ఉత్త బర్నరేనా చూడండి. బ్యూరెట్ స్టాండ్లు లెక్కపెట్టి, సెక్షన్‌లో పిల్లలెంతమందో అడగండి. మీటర్ బ్రిడ్జ్ మీద తీగ ఉందో లేదో చూడండి. టేబుళ్ల మీద ఒక్క ఆసిడ్ మరక లేకుండా కొత్త పెళ్లికూతురిలా ఉంటే లోపలికి రావద్దు, అటునుంచి అటే వెళ్లిపోండి.

ఊరికే ఇచ్చే మార్కులంటే సంస్కృతం గుర్తొచ్చింది, ఆగలేను. పదో తరగతి దాకా తెలుగు చదివిన పిల్లని ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతంలోకి తోసేస్తారు. భాష మీద ప్రేమనుకునేరు, స్కోరింగ్ అట! చాలా జవాబులు ఇంగ్లిష్‌లోనో తెలుగులోనో రాసుకోవచ్చు, 98 వస్తాయి. నాగరి లిపిలో నాలుగు లైన్లు గడగడా చదవమంటే నీళ్లు నములుతారు. ఇంతా చేసి ఆ మార్కులు ఎందుకు పనికొస్తాయి? మన ఇంజినీరింగ్ ఎంట్రన్స్‌లో ఇంటర్‌కున్న 25 శాతం వెయిటేజీ ఎత్తేశారు కదా. ఫ్లెక్సీ మీద 990 అని వేసుకోవడానికి తప్ప ఎందుకూ కాదు. మొన్నమొన్ననే ఇంగ్లిష్‌కి కూడా 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టారు, పిల్లలు నోరు విప్పి మాట్లాడాలని. ఇరవైకి ఇరవై వేసేస్తారు చూస్తూ ఉండండి, నోరు విప్పినా విప్పకపోయినా.

ఇంత ధారాళంగా మార్కులు పంచే వ్యవస్థ, పిల్ల ఒళ్లు హూనం చేసుకుని రాసిన థియరీ పేపర్ దగ్గరికొచ్చేసరికి ఏం చేసింది? 2019 ఏప్రిల్ ఇంటర్ ఫలితాలు మర్చిపోయారా? నేను మర్చిపోలేదు. తెలుగులో 99 రావాల్సిన అమ్మాయికి మార్కులు నింపే ఓఎంఆర్ షీటు మీద రెండు సున్నాలు దిద్దారు. ఫస్టియర్‌లో బంగారంలా చదివిన పిల్ల, సెకండియర్‌లో సున్నా! సున్నా వచ్చిందేంటని అనుమానం రావాల్సిన చోట సాఫ్ట్‌వేర్‌కి రాలేదు, స్క్రూటినీ చేసినవాళ్లకి రాలేదు, మెమో ప్రింట్ చేసినవాళ్లకీ రాలేదు. పరీక్షకి హాజరైన పిల్లల మెమోల్లో ఆబ్సెంట్ అని వచ్చింది. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఇంటర్ బోర్డు ఆఫీసు ముందు తల్లులు ఎండలో కూర్చుని ఏడిస్తే తప్ప ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా తిరిగి చూస్తామన్న మాట రాలేదు. చూస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. త్రిసభ్య కమిటీ వేశారు, రిపోర్టు వచ్చింది. 99కి సున్నా దిద్దినందుకు పడ్డ జరిమానా ఎంతో తెలుసా? ఐదు వేలు.

రేటు పర్సనల్‌లో కాదు, అదిగో, అధికారికంగా.