టార్షన్ బార్ వదులు చేస్తే పని అయిపోదు

ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌ ఎత్తు తగ్గించి కిందికి దించడానికి ముందువైపు టార్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) బోల్టులు వదులు చేసి, వెనక కమాన్ పట్టీల కింద ఎత్తు కోసం పెట్టిన బ్లాకులు తీసేస్తే చాలని ఒక వ్యాసంలో రాశారు. బండి దిగుతుంది, నిజమే. కానీ దిగినంత మేరా చక్రం పైకి కదిలే చోటు కూడా తగ్గిపోతుంది. ఒకసారి కిందికి దూరి చూడండి. ముందు చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌కీ, అది మరీ పైకి రాకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకీ మధ్య వేలు కూడా పట్టకపోతే చిన్న గుంతకే దబ్బుమని కొడుతుంది. జనం షాక్ అబ్జార్బర్లను తిడతారు, పాపం అవేం చేస్తాయి!

బ్లాకు తీశాక, పట్టీలను యాక్సిల్‌కి బిగించే పాత యూ బోల్టులే వాడితే ఇంకో తంటా. మర మధ్యలోనే అయిపోయి, నట్టు బిగిసినట్టే ఉంటుంది గానీ పట్టీలు, యాక్సిల్ గట్టిగా పట్టుకోవు. పొట్టి బోల్టులు కొత్తవి వేయాల్సిందే, కొన్నాళ్లు తిప్పాక మళ్లీ బిగించాల్సిందే.

ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ బండ్లలో ముందు డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల పెట్టె) ఛాసిస్‌కే బిగించి ఉంటుంది. కాబట్టి మరీ దించితే డ్రైవ్ షాఫ్టుల కోణం మారి సీవీ జాయింట్ల (షాఫ్టు వంగి ఉన్నా తిరగనిచ్చే కీళ్ల) మీద భారం పడుతుంది. వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల సెట్టింగ్ ఎలాగూ తప్పవు.

కాస్త దించితే సరే. నేలకు ఆనేంత కావాలంటే టూ వీల్ డ్రైవ్ బండే నయం. ఫోర్ వీల్ డ్రైవ్‌కి అదనంగా డబ్బు పోసి, స్పీడ్ బ్రేకర్ చూసి టెన్షన్ పడటం ఎందుకో నాకైతే అర్థం కాదు.