రంగు, ఏళ్లు, గొంతు మంట చూసి సింగిల్ మాల్ట్‌కు మార్కులు వేయొద్దు

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ (మాల్ట్)తో ఒకే డిస్టిలరీలో చేసే స్కాట్లాండ్ విస్కీని స్కాచ్ సింగిల్ మాల్ట్ అంటారు. అది మంచిదో కాదో నిమిషంలో తేల్చెయ్యొచ్చంటూ ఒక సందేశం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. దాని సారం ఇది: ముదురు రంగుంటే పాతది, పాతదైతే గొప్పది. చుక్క నీళ్లు పడినా పాడైపోతుంది. గొంతు మండితే నాసిరకం. గ్లాసు గోడల మీద ధారలు మెల్లగా జారాలి. పొగ, తేనె, పండ్ల వాసనలు ఎసెన్సులు కలిపితే వచ్చేవే. ఈ మాటల్లో ఒక్కటీ నిలబడదు. వీటిని నమ్మి మార్కులు వేస్తే సీసాకో, లేబుల్‌కో వేసినట్టే తప్ప గ్లాసులో ఉన్నదానికి వేసినట్టు కాదు.

"ముదురు రంగుంటే పాతది"

బట్టీ నుంచి దిగిన స్పిరిట్ మంచినీళ్లలా ఉంటుంది. తర్వాత వచ్చే రంగు ఓక్ పీపాది. ఆ పీపాలో ముందు ఏముండేది, ఇప్పుడు ఎన్నోసారి నింపుతున్నారు అన్నవే రంగును తేలుస్తాయి. షెర్రీ అనే స్పెయిన్ వైన్ తీసేసిన పీపాలో మొదటిసారి పోస్తే కొన్నేళ్లకే చింతపండు పులుసు రంగు వస్తుంది. మూడు నాలుగు సార్లు వాడేసిన 250 లీటర్ల పీపాలో (హాగ్స్‌హెడ్) 30 ఏళ్లున్నా ఎండుగడ్డి రంగు దాటకపోవచ్చు. పైగా 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనలు ప్లెయిన్ కారమెల్ రంగు (ఈ150ఏ) కలపడానికి ఒప్పుకుంటాయి. ఒక బ్యాచ్‌కీ ఇంకోదానికీ రంగులో తేడా కనపడకూడదని చాలామంది కలుపుతారు. జర్మనీలో అమ్మే సీసాల మీద ఆ సంగతి ముద్రించాలి కాబట్టి అక్కడ దాపరికం ఉండదు.

రంగు చూశాక ముక్కు కూడా దారి తప్పుతుంది. 2001లో అచ్చయిన ఒక ప్రయోగంలో తెల్ల వైన్‌కు వాసన లేని ఎర్ర రంగు కలిపి బోర్డోలోని వైన్ విద్యార్థులకు ఇచ్చారు. వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. విస్కీ రుచి చూసేవాళ్లూ ఇలాగే మోసపోవచ్చు. మార్కులు వేసే ఉద్దేశముంటే గ్లాసులకు బయట నుంచి నల్ల కాగితం చుట్టండి.

"ఏళ్లు పెరిగితే మార్కులు పెరగాలి"

లేబుల్ మీది సంఖ్య సీసాలోని అన్నింటికన్నా చిన్న విస్కీ వయసు. పన్నెండేళ్లదానిలో ముప్పై ఏళ్లది ఎంత కలిపినా 12 అనే రాయాలి. సింగిల్ మాల్ట్ అంటే ఒకే పీపా సరుకు కాదు, ఒకే డిస్టిలరీ సరుకు. అందుకే ఇలా కలపడం మామూలే. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. ఆ లెక్కన 25 ఏళ్లకు మిగిలేది 60 శాతమే. ధర పెరగడానికి అది న్యాయమైన కారణం, రుచి పెరిగిందనడానికి సాక్ష్యం కాదు. చురుకైన పీపాలో మరీ ఎక్కువ కాలం ఉంచితే ఓక్‌లోని టానిన్లు దిగి, పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుకకు వగరు పట్టుకుంటుంది. బార్లీ తీపి, పండ్ల వాసన దాని కింద అణగిపోతాయి. ఏళ్లు రాయని అబెర్లౌర్ అబూనా అనే సింగిల్ మాల్ట్‌ను ఎంతోమంది ఇష్టపడేది గ్లాసులో ఉన్నదాన్ని చూసే.

వయసు పెరిగేది పీపాలోనే. సీసాలోకి చేరాక ఆగిపోతుంది. అటక మీద 20 ఏళ్లు దాచినా పన్నెండేళ్లది పన్నెండేళ్లదే. దాచేటప్పుడు నిలబెట్టే ఉంచండి, పడుకోబెడితే ఆల్కహాల్ తగిలి బిరడా పాడవుతుంది.

"నీళ్లు కలిపితే పాడవుతుంది"

ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇదే. పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి, ఎండబెట్టి కాల్చే మట్టి) పొగ వాసనకు కారణమైన వాటిలో గ్వాయకాల్ ఒకటి. అది ఆల్కహాల్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ 2017లో కంప్యూటర్ మీద లెక్కకట్టి చూపినదేమిటంటే, ఆల్కహాల్ 45 శాతం దాకా ఉన్న ద్రవంలో గ్వాయకాల్ పైపొరకు చేరుతుంది, 59 శాతం దాటితే ఆల్కహాల్ మధ్య లోపలే చిక్కుకుంటుంది. పైకొచ్చిందే ముక్కుకు తగులుతుంది. విస్కీలను మేళవించే నిపుణులు (బ్లెండర్లు) పీపా నమూనాలను 20 శాతానికి పలచన చేసి వాసన చూడటం పాత పద్ధతి. తప్పులు దాగలేవు కాబట్టి వాళ్లకది పనికొస్తుంది.

అలాగని ధారగా పోసెయ్యకూడదు. 2023లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు నూటికి 20 పాళ్ల కన్నా ఎక్కువ నీళ్లు చేరేసరికి ఒకే రకం విస్కీల వాసనలు ఒకదానిలా ఒకటి అనిపించడం మొదలైందని చెప్పారు. అందుకే కొలిచి కలపండి. 60 శాతం ఉన్న 30 మిల్లీలీటర్లకు 6 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 50కి దిగుతుంది. 46 ఉన్న 25 మిల్లీలీటర్లకు 3.75 చేరిస్తే 40. మందుల షాపులో దొరికే సూది లేని సిరంజి ఇందుకు చక్కగా పనికొస్తుంది. సగం నీళ్లు ముందు కలిపి, రెండు నిమిషాలాగి వాసన చూశాకే మిగతా సగం. ఉప్పదనం తగిలే బోరునీళ్లు వద్దు.

నీళ్లు కలిపాక మబ్బు పడితే కల్తీ అని కూడా అంటున్నారు. చల్లబరిచి వడకట్టని (చిల్ ఫిల్టర్ చేయని) విస్కీలో పొడవాటి గొలుసుల కొవ్వు ఎస్టర్లు మిగిలి ఉంటాయి. శాతం 46 కన్నా తగ్గినా, చల్లబడినా అవి కరగకుండా మసకగా తేలతాయి. నోటికి నిండుతనం ఇచ్చేవాటిలో అవీ ఉన్నాయి. అది లోపం కాదు.

"గొంతు మండితే నాసిరకం"

మంట మొదట ఆల్కహాల్ శాతాన్ని బట్టి ఉంటుంది, నాణ్యతను బట్టి కాదు. 60 శాతం దగ్గర నింపిన గ్లెన్‌ఫార్క్లాస్ 105 మండకుండా ఎలా ఉంటుంది? శాతం వల్ల వచ్చిన మంటేనా, పచ్చిదనమా అని తేల్చుకునే దారి ఉంది. నీళ్లతో 40కి దించండి. మంట తగ్గి రుచి నిలిచి ఉంటే అది శాతం చేసిన పని. అప్పుడు కూడా పచ్చి పిండి వాసన, సబ్బు వాసన, ముక్కుపుటాల్లో గుచ్చుకునే స్పిరిట్ మిగిలితే అది సరిగ్గా పండని విస్కీ. అక్కడ మార్కులు కొయ్యండి.

మొదటి గుక్కకు మార్కులు వద్దు. నోరు అలవాటు పడటానికే అది. రెండో గుక్క అర చెంచాడు తీసుకుని, పది సెకన్లు నాలుకంతా తిప్పి మింగాక, నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. రుచిలో సగం అప్పుడే తెలుస్తుంది.

మన ఇళ్లలో జరిగే పొరపాటు మరొకటుంది. మిరపకాయ బజ్జీ, చికెన్ 65 ముందు పెట్టుకుని విస్కీ ఘాటుగా ఉందంటారు. మిరపలోని కాప్సైసిన్, ఆల్కహాల్ రెండూ నోట్లో వేడిని పసిగట్టే ఒకే గ్రాహకాన్ని (టీఆర్‌పీవీ1) రేపుతాయి. కారం తిన్న నోటికి 40 శాతం కూడా నిప్పే. మధ్యలో ఉప్పులేని బ్రెడ్డు ముక్క, మంచినీళ్లు చాలు. గదిలో అగరొత్తి, సాంబ్రాణి వద్దు. మే నెలలో హైదరాబాదులో, విజయవాడలో గది వేడికి గ్లాసులోంచి ఆల్కహాలే ముందు ఎగసి ముక్కును కప్పేస్తుంది. సీసాను గంటసేపు 20 డిగ్రీల ఏసీలో ఉంచండి. ఫ్రిజ్ మాత్రం వద్దు, వాసన ముడుచుకుపోతుంది.

గ్లాసు ధారల సంగతి ఒక్క మాటలో: వాటిని ముఖ్యంగా నడిపించేది ఆల్కహాల్ ఆవిరి కావడం వల్ల వచ్చే తలతన్యత తేడా. అవి నాణ్యతకు గుర్తు కాదు.

"వాసనలన్నీ ఎసెన్సులు"

సింగిల్ మాల్ట్‌లో చేర్చగలిగేవి నీళ్లు, ప్లెయిన్ కారమెల్ రంగు, అంతే. మాగిన అరటిపండు వాసన పులిసేటప్పుడు ఈస్ట్ తయారుచేసే ఐసోఅమైల్ అసిటేట్. వెనిలా ఓక్‌లోని లిగ్నిన్ నుంచి వస్తుంది. లాఫ్రోయిగ్ అనే విస్కీలో తగిలే ఆసుపత్రి వాసన, మాల్ట్ ఆరబెట్టేటప్పుడు పీట్ పొగ నుంచి గింజకు పట్టిన ఫినాల్స్.

ఆ ఫినాల్స్‌ను పీపీఎంలలో (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లో) చెబుతారు. సంఖ్య పెద్దదైతే పొగ ఎక్కువని లెక్కేయడం ఇంకో పొరపాటు. సాధారణంగా చెప్పే పీపీఎం మాల్ట్ గింజలో కొలిచింది, సీసాలోది కాదు. గింజను వేడినీళ్లలో నానబెట్టినప్పుడు, బట్టీ పట్టినప్పుడు చాలా పోతుంది. స్కాట్లాండ్‌లోని ఐలా ద్వీపంలో లగవూలిన్, కోలీలా డిస్టిలరీలు రెండూ అక్కడి పోర్ట్ ఎలెన్ మాల్ట్ కర్మాగారం నుంచి వచ్చే సుమారు 35 పీపీఎం మాల్ట్‌నే వాడతాయి. గ్లాసులో మాత్రం రెండూ వేర్వేరు. పొగ వాసనలు బట్టీ చివరి భాగంలో ఎక్కువగా దిగుతాయి కాబట్టి, ధారను ఎక్కడి దాకా పట్టుకుని మిగతాది పక్కన పెడతారన్నది కూడా తేడా తెస్తుంది. ఐలా అంటేనే పొగ అనీ అనుకోవద్దు, అక్కడిదే అయిన బునహావన్ 12లో పొగ దాదాపు ఉండదు.

ఇక 92, 93 అని వేసే మార్కులు. వాసన, రుచి, ముగింపు (మింగాక మిగిలే రుచి), పొందిక, ఒక్కోదానికి 25 చొప్పున నూరు వేయడం వాడుకలో ఉన్న పద్ధతే. అది పనిచేయాలంటే పోసేది ఇంకొకరై ఉండాలి. ఒకే రకం తులిప్ ఆకారపు గ్లాసుల్లో తలా 20 మిల్లీలీటర్లు పోసి, అడుగున అంకెలు అంటించాలి. పొగ లేనివీ శాతం తక్కువవీ ముందు, పీట్ ఉన్నవి చివర. ఐదు గ్లాసులకు మించితే ముక్కు అలిసిపోతుంది. ఆ ఐదింటిలో రెండు గ్లాసుల్లో ఒకే విస్కీ పోయమనండి, ఏ రెండో మీకు చెప్పొద్దనండి. ఆ రెండింటికీ మీరు వేసిన మార్కుల మధ్య 4 తేడా వచ్చిందంటే, ఆ పూట మీ కాగితం మీద 88కీ 91కీ తేడా లేదు.