సూది ఒకటే, ఇచ్చే తీరును బట్టి ఫలితం

మెదడులోని హైపోథాలమస్ వదిలే జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ మీద మీరు రాసిన వ్యాసంలో, దాన్ని పెంచితే సంతాన హార్మోన్లు పెరుగుతాయని ఒక్క ముక్కలో తేల్చేశారు. అంత సులువు కాదండీ. హైపోథాలమస్ దాన్ని విడతలు విడతలుగా వదిలితేనే మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే సంతాన హార్మోన్లు వస్తాయి. ఆపకుండా ఎక్కిస్తే పిట్యూటరీ మొద్దుబారి, ఉన్నవి కూడా పడిపోతాయి. రీసస్ కోతుల మీద శాస్త్రవేత్త ఎర్నెస్ట్ నోబిల్ బృందం 1978లోనే ఇది చూపించింది. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు జీఎన్‌ఆర్‌హెచ్ లాంటి మందైన ల్యూప్రోలైడ్‌ను వాడేది ఇందుకే: ఆగకుండా పనిచేసి, ఆ క్యాన్సర్‌ను పెంచే టెస్టోస్టిరాన్‌ను తగ్గిస్తుంది.

మా కడప వైపు ఎనుము ఎదకొచ్చినా చూడి నిలవకపోతే పశువుల డాక్టర్లు బ్యూసెరెలిన్ సూది వేస్తుంటారు. అదీ జీఎన్‌ఆర్‌హెచ్ లాంటి మందే, కానీ ఒక్క డోసు కాబట్టి అండం విడుదలకు సాయపడుతుంది.

అన్నట్టు, జీఎన్‌ఆర్‌హెచ్ నాడీకణాలను ఉసిగొల్పే కిస్‌పెప్టిన్ అనే మెదడు హార్మోన్ ఊసే మీ వ్యాసంలో లేదేంటి? దాని సంకేతాన్ని అందుకునే రిసెప్టర్ తాలూకు జన్యువు చెడితే యుక్తవయసు రాదని 2003లోనే తేలింది కదా. రెండో భాగం రాస్తే అక్కడి నుంచే మొదలుపెట్టండి.