బౌలర్ల లెక్క జట్టు స్కోరుతో ఎందుకు కలవదు?

"బౌలర్లు ఇచ్చిన పరుగులన్నీ కూడండి, జట్టు స్కోరు రాదు. వికెట్లు కూడినా రావు. ఎక్కువ పరుగులిచ్చినవాడికే మెయిడెన్లు (బౌలర్ ఒక్క పరుగూ ఇవ్వని ఓవర్లు) కూడా ఉంటాయి. అంటే స్కోర్‌కార్డు దిద్దేశారన్నమాట." పెద్ద మ్యాచ్ జరిగిన ప్రతిసారీ ఫోన్లలో చక్కర్లు కొట్టే వాదన ఇది. మనందరికీ గుర్తున్న మ్యాచ్‌తోనే చూద్దాం: 2011 ఏప్రిల్ 2, వాంఖడే, ప్రపంచకప్ ఫైనల్. భారత్‌పై శ్రీలంక 274/6.

పరుగులు. జహీర్ 60, శ్రీశాంత్ 52, హర్భజన్ 50, యువరాజ్ 49, మునాఫ్ 41, సచిన్ 12, కోహ్లీ 6. కూడితే 270. తక్కువైన 4 పరుగులూ బైలు (బ్యాట్‌కూ ఒంటికీ తగలని బంతికి తీసినవి), లెగ్‌బైలు (బ్యాట్‌కు కాక ఒంటికి తగిలిన బంతికి తీసినవి). బ్యాట్ నుంచి రాని ఆ పరుగులను బౌలర్ పద్దులో రాయరు. కీపర్ వెనక పెట్టిన హెల్మెట్‌కు బంతి తగిలితే వచ్చే 5 పరుగుల పెనాల్టీ కూడా అంతే.

"ఎక్స్‌ట్రాలు (బ్యాటర్ ఖాతాలో పడని పరుగులు) జట్టువే కదా, మరి వైడ్లు బౌలర్‌కెందుకు?" అని ఇంకొందరు. ఒకప్పుడు వీళ్లన్నదే నిజం. 1980ల నడిమి నుంచి వైడ్లు, నోబాల్స్ బౌలర్ మీదే వేస్తున్నారు. ఆ ఫైనల్లో ఎక్స్‌ట్రాలు 12. వాటిలో వైడ్లు, నోబాల్స్ కలిపి 8, అవి ఆ 270లోనే ఉన్నాయి. వైడ్ బంతిని కీపర్ వదిలేసి బౌండరీ పోతే మొత్తం 5 పరుగులూ బౌలర్ నెత్తినే పడతాయి. నన్నడిగితే ఇది అన్యాయం, కానీ దొంగలెక్క మాత్రం కాదు. పాతకాలం బౌలర్ల ఎకానమీని (ఓవర్‌కు ఇచ్చిన సగటు పరుగులను) ఇప్పటివాళ్లతో పోల్చేవాళ్లు ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే మంచిది.

వికెట్లు. జహీర్ 2, యువరాజ్ 2, హర్భజన్ 1. ఆరోవాడు కులశేఖర రనౌట్. బౌలరే స్వయంగా స్టంప్స్ పడగొట్టి రనౌట్ చేసినా అది అతని ఖాతాలోకి రాదు.

అసలు తిరకాసంతా మెయిడెన్ల దగ్గర. జహీర్ లెక్క 10-3-60-2 (ఓవర్లు-మెయిడెన్లు-పరుగులు-వికెట్లు). ఓవర్‌కు ఆరు చొప్పున ఇచ్చినవాడికి మూడు మెయిడెన్లా అని ముక్కున వేలేసుకుంటారు. అతని మొదటి స్పెల్ 5-3-6-1. అంటే తర్వాతి 5 ఓవర్లలో 54 ఇచ్చాడు. ఇన్నింగ్స్ చివరి బంతికి పెరీరా సిక్స్ బాదింది కూడా అతన్నే. తరంగను 20 బంతుల్లో 2 పరుగులకే కట్టిపడేసిన మొదటి ఓవర్లు, జయవర్దనే చెలరేగిన చివరి ఓవర్లు, రెండూ ఆ నాలుగు అంకెల్లోనే కలిసిపోయాయి. ఏ ఓవర్ ఎప్పుడు వేశాడో చెప్పడం ఆ లెక్క పనే కాదు. లెగ్‌బైలు వచ్చిన ఓవర్‌ను మెయిడెన్ అన్నారనీ కొందరు గోలపెడతారు. బౌలర్ పద్దులో పరుగు పడకపోతే అది మెయిడెనే. వైడ్ వేస్తే మాత్రం పోతుంది.

ఇంకా అనుమానముంటే బౌలర్ల మొత్తానికి బైలు, లెగ్‌బైలు, పెనాల్టీలు కలిపి చూడండి. అప్పటికీ తేడా వస్తే, అప్పుడు స్కోరర్‌ను నిలదీయండి.