విశాఖ రేడియోలో నంబర్ వన్ అని తేల్చిందెవరు?

విశాఖ ఎఫ్ఎం స్టేషన్ల పోటీ మీద ఒక వ్యాసం చదివాను. ప్రతి స్టేషనూ 'మేమే నంబర్ వన్' అంటోందని అందులో రాశారు. ఏ లెక్క ప్రకారమో కూడా అడిగి రాయాల్సింది. టీవీకైతే ఏ ఛానల్ ఎంతమంది చూస్తున్నారో లెక్కకట్టే బార్క్ సంస్థ మీటర్లున్నాయి. రేడియో కోసం టామ్ సంస్థ 2007లో మొదలుపెట్టిన ర్యామ్ అనే శ్రోతల సర్వే ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, బెంగళూరుకే పరిమితమైంది. ఎంపిక చేసిన శ్రోతలు ఏ స్టేషన్ ఎంతసేపు విన్నదీ డైరీలో రాసేవారు. ఆ నాలుగింట్లో మన ఊరు లేదు.

మా కంచరపాలెంలో ఒక టైలర్ గారున్నారు. మిషన్ పక్కన స్టూలు మీద పాత సెట్టు, ఏరియల్‌కి రాగి తీగ చుట్టి కిటికీ చువ్వకి కట్టారు. పొద్దున్న పెట్టిన స్టేషనే రాత్రి దాకా మోగుతుంది, చేతులు గుడ్డ మీద ఉంటాయి కాబట్టి ఎవరూ మార్చరు. ఆయన, కాజాలు కుట్టే ఇద్దరు, జాకెట్ల కోసం వచ్చి కూర్చునేవాళ్లు... వీళ్లందరినీ ఎవరు లెక్కపెట్టారు?

పోటీ వల్ల శ్రోతకి ఏం ఒరిగిందన్నది నా అసలు బాధ. ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి బులెటిన్లు మాత్రం యథాతథంగా వేసుకోవచ్చు. ఇక మిగిలింది సినిమా పాటలే. ఏ స్టేషన్ తిప్పినా అవే. నేను రోజూ వినే ఒక స్టేషన్‌లో ఉత్తరాంధ్ర జానపదాలు వచ్చేవి. రేటింగ్ రావట్లేదని ఆపేశారు. ఏ రేటింగండీ అది?

ఆంధ్రా యూనివర్సిటీ జర్నలిజం విద్యార్థులు గాజువాక నుంచి భీమిలి దాకా ఆటోలు, షాపులు, హాస్టళ్లు తిరిగి అడిగితే ఒక్క వేసవిలో తేలిపోతుంది. మా వీధి నేను తిప్పి చూపిస్తాను.