ప్రశ్న చివరిదాకా చదివేవాళ్లను ఏం చేద్దాం?

తిరుపతిలో ఈ మధ్య ఓ ప్రమాదకరమైన అలవాటు తలెత్తుతోంది. నీట్‌కు తయారవుతున్న కొందరు పిల్లలు ప్రశ్నను చివరిదాకా చదువుతున్నారు. అక్కడితో ఆగినా పోనీలే అనుకోవచ్చు. చదివాక ఆలోచిస్తున్నారట కూడా. ఏ హాస్టల్‌లోనైనా స్టడీ అవర్‌కు వెళ్లి చూడండి. అందరూ ఊగుతూ బట్టీ కొడుతుంటే మూలనున్న ఒకడు మాత్రం ప్రశ్నలో ఏదో మాట కింద పెన్సిల్‌తో గీత గీసి దానివంకే చూస్తూ కూర్చుంటాడు. వీణ్ణి ఇప్పుడే దారిలో పెట్టకపోతే రేపు 1960లో పెట్టిన మన ఎస్వీ మెడికల్ కాలేజీలోనే సీటు కొట్టి, డాక్టరై, రోగి చెప్పేది కూడా పూర్తిగా వింటాడు. అప్పుడు ఓపీ క్యూ ఏ వీధి మలుపుదాకా పోతుందో ఎవరైనా ఆలోచించారా?

ముందు లెక్కలు చూద్దాం. 2025లో నీట్‌కు 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. ఒప్పుకు 4, తప్పుకు 1 కోత. ప్రశ్నకు ఒక్క నిమిషం. అందులోనే చదవాలి, ఆలోచించాలి, ఓఎంఆర్‌లో వృత్తం నింపాలి. మొదటి రెండు పనులూ తీసేస్తే నిమిషమంతా వృత్తానికే దక్కుతుంది, ఎంచక్కా గుండ్రంగా వస్తుంది.

ఇది గాలిమాట కాదు. ప్రశ్నపత్రం తెరవకుండా 180కీ ఒకే నంబరు పెట్టుకుంటూ పోయామనుకోండి. కీలో నాలుగు ఆప్షన్లూ సమానంగా ఉంటే 45 ఒప్పులకు 180 మార్కులు వస్తాయి, 135 తప్పులకు 135 పోతాయి. చేతిలో 45 మిగులుతాయి. చదవనివాడికి దేశం ఉచితంగా ఇచ్చే మార్కులివి. మరి చదివేవాడు ఏం చేస్తాడు? రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తేల్చి, మిగిలిన రెండింట్లో ఒకటి పెడతాడు. అలాంటి ప్రశ్నకు సగటున ఒకటిన్నర మార్కు. ఒక్కటే కొట్టేయగలిగితే దాదాపు 0.67. గుడ్డిగా పెడితే పావు. పావుకూ ఒకటిన్నరకూ ఆరు రెట్లు తేడా కదా అని లెక్కల సార్లు అనొచ్చు. బైపీసీవాళ్లకు లెక్కలతో ఏం పని?

అసలు పేచీ అసర్షన్–రీజన్ ప్రశ్నలతో వచ్చింది. పైన ఒక వాక్యం, కింద ఒక వాక్యం. రెండూ నిజమా, నిజమైతే కిందిది పైదానికి కారణమా అని అడుగుతాడు. దీనికి మన దగ్గర ఏనాడో మందు కనిపెట్టారు: పాత పేపర్లలోని అసర్షన్–రీజన్ ప్రశ్నలన్నీ ఏరి, కీతో సహా పుస్తకం వేసి, కీని బట్టీ పట్టించడం. ‘‘సార్, ఇది రెండో ఆప్షన్ ఎందుకు కాదు?’’ అని ఎవడైనా లేస్తే, ‘‘కీలో ఒకటని ఉండాది కదరా నాయనా, రాసుకో’’ అంటే సరిపోతుంది. ఆలోచనను పరీక్షించే ప్రశ్నను కూడా జ్ఞాపకశక్తితో లొంగదీసిన ఘనత మనది. పరీక్ష పెట్టేవాళ్లు పేపర్‌లో ఆప్షన్ల వరస మార్చేసినప్పుడు మాత్రం ‘పేపర్ టఫ్‌గా వచ్చింది’ అనాలి.

దారి తప్పిన పిల్లలు చేసేది వేరు. జాగ్రత్త కోసం వాళ్ల పద్ధతి తెలిసి ఉండటం మంచిది. అరచేత్తో ఆప్షన్లు మూసేస్తారు. పై వాక్యం ఒక్కటే చదివి ఒప్పో తప్పో పక్కన టిక్కు పెడతారు. కింది వాక్యాన్ని పైదానితో సంబంధం లేనట్టే చదివి మళ్లీ టిక్కు. రెండూ ఒప్పయితేనే మధ్యలో ‘ఎందుకంటే’ పెట్టి గట్టిగా చదువుతారు. ఉదాహరణకు, మనిషి పరిణత ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు; హీమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుంది. రెండూ నిజాలే. ‘కేంద్రకం ఉండదు, ఎందుకంటే ఇనుము ఉంటుంది’ అని నోటితో అనగానే అతకదని చెవికే తెలిసిపోతుంది. అదే కణం మీద ఇంకో ప్రశ్న: ఎర్ర రక్తకణం తాను మోసుకెళ్లే ఆక్సిజన్‌ను తన శక్తి కోసం వాడుకోదు, దానిలో మైటోకాండ్రియాలు (కణంలో ఆక్సిజన్‌తో శక్తి తీసే భాగాలు) ఉండవు. ఇక్కడ ‘ఎందుకంటే’ సరిగ్గా కూర్చుంటుంది. అయినా ఊరుకోరు. ‘మైటోకాండ్రియాలు ఉండి ఉంటే పై మాట నిలిచేదా?’ అని తిరగేసి కూడా అడుగుతారు. ఇదంతా ముప్పై సెకన్లలో తేలే పని కాదు. బయాలజీ 90 ప్రశ్నలనూ 45, 50 నిమిషాల్లో లేపేయాలని అందరూ ప్లాన్ వేసుకుంటారు కదా, వీళ్లు ఒక్క వాక్యం ప్రశ్నలను పదిహేను సెకన్లలో ముగించి, మిగిల్చిన సమయాన్ని తెచ్చి ఇక్కడ పోస్తారు. శుద్ధ దుబారా.

ఈ పెడధోరణికి వేరు ఎక్కడుందో వెతికితే ఊళ్లోనే దొరికింది. 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్కృత విద్యాపీఠంలో న్యాయశాస్త్రం (కోర్టు చట్టం కాదు, తర్కం) చెబుతారు. ‘కొండ మీద నిప్పుంది, పొగ ఉంది కాబట్టి’ అన్నది అక్కడి మొదటి పాఠం. నిప్పుందనడం ప్రతిజ్ఞ, పొగ హేతువు. అంటే అసర్షన్, రీజన్. తిరగేసి ‘పొగ ఉంది, నిప్పుంది కాబట్టి’ అంటే మాత్రం తార్కికులు ఒప్పుకోరు. ఎర్రగా కాలిన ఇనుపగుండును చూపిస్తారు: నిప్పుంది, పొగ లేదు. డెంగీకి జ్వరం వస్తుంది కాబట్టి జ్వరం వచ్చిన ప్రతివాడికీ డెంగీయే అనేవాళ్లకు ఆ గుండు చాలు. ఇంకో పాఠం మరీ ముఖ్యం. కుండకు కారణాలేవంటే మట్టి, కుమ్మరి, చక్రం, కర్ర అంటారు. మట్టి మోసుకొచ్చిన గాడిదను లెక్కలో వేసుకోరు. గాడిద వచ్చిన మాట నిజం, కుండ తయారైన మాటా నిజం. కానీ గాడిద కుండకు కారణం కాదు. ‘రెండూ సరైనవే, కానీ రీజన్ సరైన వివరణ కాదు’ అనే ఆప్షన్‌కు ఇంతకన్నా మంచి గైడు మార్కెట్లో లేదు. అందుకే మన పిల్లల్ని అటువైపు వెళ్లనివ్వడం లేదు.

చిన్న మాటల బెడద ఇంకొకటి. ‘అన్నీ’, ‘మాత్రమే’, ‘ఎల్లప్పుడూ’, ‘తప్ప’. ‘ధమనులన్నీ ఆమ్లజనిసహిత రక్తాన్నే మోస్తాయి’ అన్న వాక్యం చదవగానే పాఠం గుర్తొచ్చి చెయ్యి ‘ఒప్పు’ మీదికి పోతుంది. పుపుస ధమని చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు తీసుకుపోతుందని ఆ చేతికీ తెలుసు, ‘అన్నీ’ని చూడలేదంతే. ‘సరికానిది ఏది’ అన్నప్పుడూ అంతే. మొదటి ఆప్షన్ సరైనదిగా కనబడగానే దాన్నే దిద్దేసి సంబరంగా ముందుకు పోతారు. దీన్ని మనం ‘సిల్లీ మిస్టేక్’ అని ముద్దుగా పిలుచుకుంటాం. ఒక్కో ముద్దు ఖరీదు 5 మార్కులు: రావలసిన 4, పోయిన 1. పది ముద్దులకు 50. ఆ దారి తప్పినవాళ్లు వారాంతపు టెస్టు అయ్యాక ప్రతి తప్పునూ మూడు గడుల్లో ఎక్కిస్తారట: తెలియక పోయింది, చూసుకోక పోయింది, తెలిసీ చూసీ తప్పు దారిన పోయింది. మొదటి గడికి పాఠ్యపుస్తకం, రెండో గడికి పెన్సిల్ గీత, మూడో గడికి పక్కవాడికి ఎదురుగా కూర్చుని కారణం చెప్పి ఒప్పించడం. మూడింటికీ ఒకటే మందని ఇంకో రెండు గంటల స్టడీ అవర్ వేసే మన పద్ధతిలో ఉన్న సమానత్వం ఇందులో ఎక్కడుంది?

అమెరికావాళ్లయితే మరీ బరితెగించారు. అక్కడి మెడికల్ ప్రవేశపరీక్ష ఎంక్యాట్‌లో ‘కార్స్’ (విమర్శనాత్మక విశ్లేషణ, తర్క నైపుణ్యాలు) అని ఒక విభాగం ఉంది. 90 నిమిషాలు, 9 వ్యాసభాగాలు, 53 ప్రశ్నలు. ఒక్కో వ్యాసభాగం ఐదారు వందల మాటలు. తత్వశాస్త్రమో, చిత్రకళో, చరిత్రో ఉంటుంది గానీ కప్ప గుండె గురించి ఒక్క ముక్క ఉండదు. బయటి జ్ఞానం అక్కర్లేదు, ఇచ్చిన వ్యాసంలోనే జవాబుంటుంది. అంటే మెటీరియల్ వేసి అమ్ముకునే వీలే లేదన్నమాట. ఇంత నష్టదాయకమైన పరీక్షను అక్కడి వ్యాపారులు ఎలా సహిస్తున్నారో! అక్కడి తప్పుడు ఆప్షన్లకూ ఒక పద్ధతుంది. ఒకటి లోకంలో నిజమే, వ్యాసంలో లేదు. ఒకటి వ్యాసంలో ‘కొన్నిసార్లు’ అన్నదాన్ని ‘ఎప్పుడూ’ చేస్తుంది. ఒకటి సగం దాకా సరిగ్గా ఉండి కామా తర్వాత తిరగబడుతుంది. దీనికి సాధన చేయాలనుకునే దుర్మార్గుడు పది రూపాయలలోపు దినపత్రిక కొని, సంపాదకీయాన్ని పది నిమిషాల్లో చదివి, రచయిత ఏమంటున్నాడో ఒక్క వాక్యంలో రాసుకుంటే చాలు. తర్వాత ఆ వాక్యానికి ఆధారమైన పంక్తి మీద వేలు పెట్టగలగాలి. పెట్టలేకపోతే అది రచయిత మాట కాదు, చదివినవాడి సొంత అభిప్రాయం. మన హాస్టళ్లలో పత్రికలు రానివ్వకపోవడం వెనక ఎంత ముందుచూపుందో ఇప్పుడర్థమైందా?

ఇంతకీ ప్రమాదం పరీక్ష హాలుతో ఆగదు. ఫలితాలొచ్చిన మర్నాడు లీలామహల్ సర్కిల్ నుంచి బస్టాండ్ దాకా హోర్డింగులు లేస్తాయి. అసర్షన్: ఈ అమ్మాయికి ర్యాంకు వచ్చింది. రీజన్: ఈ అమ్మాయి మా దగ్గర చదివింది. ఇన్నాళ్లూ జనం ‘రెండూ సరైనవే, రీజనే సరైన వివరణ’ అనే మొదటి ఆప్షన్ దిద్దుకుని అడ్మిషన్ ఫారం తీసుకునేవారు. అరచేత్తో ఆప్షన్లు మూసే పిల్లవాడు అలా కాదు. పై మాట విడిగా, కింది మాట విడిగా చూస్తాడు. అదే అమ్మాయి ఫొటో ఎదురుగా ఉన్న ఇంకో కాలేజీ హోర్డింగు మీద కూడా ఉండటం చూస్తాడు. ఆ బ్యాచ్‌లో మొత్తం ఎంతమంది చేరారు, మిగతావాళ్లకు ఏమొచ్చింది, పదో తరగతిలోనే ఎక్కువ మార్కులొచ్చినవాళ్లను ఏరి స్పెషల్ బ్యాచ్‌లో కూర్చోబెట్టారా అని అడుగుతాడు. ఆ తర్వాత మట్టి మోసినదాని సంగతి ఎత్తుతాడు. ఇదంతా నాన్నతో కలిసి ఫీజు కౌంటర్ దగ్గర నిలబడి, రెండో విడత డబ్బు చేతిలో ఉండగానే అడుగుతాడు.