కట్ట ఎవరిది?

2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరడం మొదలైనప్పుడు కింది పల్లెల జనాన్ని ఉన్నపళంగా ఖాళీ చేయించారు. అధికారులు, పోలీసులు, ఊరి జనం కట్ట మీదే ఉండి ఇసుక బస్తాలు వేయించారు. గండం గడిచింది. అది సర్కారు చెరువు కాబట్టి అడిగేవాళ్లు, పలికేవాళ్లు ఉన్నారు. అదే నీరు ఎవరిదో సొంత కట్ట నుంచి ఊరి ఉంటే ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేసేవాళ్లం?

పట్టా భూముల్లో వంకకు అడ్డంగా, సేద్యం కోసం ఎప్పుడో కట్టుకున్న కట్టలు చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఉన్నాయి. సొంత ఖర్చుతో చెరువు కట్టించడం ఈ సీమకు కొత్త కాదు. అలా కట్టించినవారికి దశబంధం ఇనాం కింద భూమి ఇచ్చేవారు. ఆ భూమి అనుభవిస్తున్నందుకు చెరువు మరమ్మతు వాళ్లే చూసుకోవాలి. 1956 చట్టంతో ఇనాంలు రద్దయ్యాయి, భూములు రైత్వారీ పట్టాలయ్యాయి, అంటే రైతుల సొంత భూములయ్యాయి. తర్వాతి తరాల్లో అన్నదమ్ములు పొలాలు పంచుకున్నారు. కట్ట మాత్రం ఎవరి వాటాకూ రాలేదు. నీళ్లు కావాల్సినప్పుడు అది అందరిదీ. మట్టి తోలించాల్సి వస్తే పక్కవాడిది.

చట్టం లేదా అంటే ఉంది. 2021 డిసెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చిన డ్యామ్ భద్రత చట్టం యజమాని ప్రభుత్వమా, కంపెనీయా అని చూడదు. వానాకాలానికి ముందు, తర్వాత తనిఖీలు చేయించాలి, ప్రమాదం వస్తే ఏం చేయాలో ప్రణాళిక రాసి పెట్టుకోవాలి అంటుంది. చిక్కంతా కొలతల్లో ఉంది. ఆ చట్టం కిందికి రావాలంటే కట్ట ఎత్తు 15 మీటర్లు దాటాలి. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే పొడవు 500 మీటర్లో, నిల్వ పది లక్షల ఘనపు మీటర్లో, అలాంటి ఇంకేదో షరతు తోడు కావాలి. మన చెరువు కట్టల్లో చాలావాటి ఎత్తు పది మీటర్ల లోపే. ఎనిమిది మీటర్ల కట్ట తెగితే దాని కింది హరిజనవాడలో నీళ్లు ఎంత ఎత్తున పారతాయో ఈ లెక్కలో ఎక్కడా లేదు. కట్ట ఎత్తుతో పాటు కింద ఉన్న ఇళ్లను కూడా లెక్కపెట్టాలని మేము కోరుతున్నాం.

మట్టికట్ట చెప్పకుండా తెగదు. ఊట తేటగా ఉన్నంతసేపు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఊరే నీటిలో ఒండ్రు కనిపించిందంటే లోపల మట్టి కోసుకుపోతున్నట్టే. ఎక్కువగా తూము పక్కనే బుంగ పడుతుంది, ఎందుకంటే రాయీ మట్టీ కలిసేది అక్కడే. కట్ట మీద కంపచెట్లు పెరిగి, చచ్చి, వేళ్లు కుళ్లితే ఆ సందులే నీటికి దారులు. నాలుగేళ్లు ఎండి నెర్రెలిచ్చిన కట్టకు ఐదో ఏడు ఒక్క తుపానుతో నిండా నీళ్లొస్తే ఎలా ఉంటుందో ఇక్కడి రైతుకు చెప్పనక్కర్లేదు. పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369లో వేయించిన శాసనం చెరువుకు ఉండే ఆరు దోషాలు చెబుతూ కట్ట నుంచి నీరు ఊరడాన్నీ వాటిలో చేర్చింది. ఆరున్నర శతాబ్దాల కిందటే తెలిసిన సంగతిని మనం ఇప్పటికీ తెల్లారి చూద్దాంలే అని వాయిదా వేస్తున్నాం.

అంతకంటే కోపం తెప్పించేది మొరవ, అంటే చెరువు నిండాక ఎక్కువైన నీరు బయటికి పారే దారి, సంగతి. నాలుగు రోజులు ఎక్కువ నీళ్లుంటాయని మొరవకు అడ్డంగా బస్తాలు పేరుస్తారు. చేపలు కొట్టుకుపోతాయని వల కడతారు. ఆ వలకు చెత్త, కంప చుట్టుకుంటే మొరవ మూసుకున్నట్టే. నీళ్లు కట్ట మీదుగా పొర్లితే మట్టికట్ట ఎంతోసేపు నిలవదు. మొరవ కాలువలో ప్లాట్లు వేసినవాళ్ల గురించి ఇంకోసారి రాస్తాం, అది ఒక్క రోజు సంపాదకీయంతో తేలే కథ కాదు.

సర్కారు కట్టలు భద్రంగా ఉన్నాయని మేమేమీ అనడం లేదు. రాజంపేట దగ్గర చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట 2021 నవంబరు 19న కొట్టుకుపోయింది, మనుషులు పోయారు, పల్లెలు ఊడ్చుకుపోయాయి. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి రాజ్యసభలోనే చెప్పారు. ఇంజినీర్లున్న శాఖ చేతిలోని ప్రాజెక్టుకే ఆ గతి పడితే, తుప్పుపట్టిన తూము తలుపు తప్ప ఏమీ లేని సొంత కట్టకు దిక్కెవరు?

యజమానులను దోషులుగా నిలబెట్టాలని కాదు. రెండెకరాల రైతు లక్షలు పోసి కట్ట బాగుచేయించలేడు. అలాంటి చోట ప్రభుత్వమే బాగుచేసి కట్టను తన లెక్కలోకి తీసుకోవాలి. ఆ నీళ్లతో పెద్ద మామిడితోటలు తడుపుకుంటున్నవారు, చేపలకు గుత్తకిచ్చి డబ్బు తీసుకుంటున్నవారు మాత్రం ఖర్చు పెట్టాల్సిందే. బాగుచేసేదాకా మొరవ మట్టం తగ్గించి చెరువును నిండనివ్వకపోవడమే మేలు. పంట కొంత తగ్గవచ్చు. అయితే నిండిన చెరువును భయపడి ఒక్కసారిగా దించినా ముప్పే, లోపలి వైపు తడి మట్టి జారుతుంది. ఆ పని ఇంజినీరు చెప్పినట్టు మెల్లగా జరగాలి.

గ్రామ సచివాలయాల్లో సర్వేయరు, ఇంజినీరింగ్ అసిస్టెంటు ఉద్యోగాలు ఉన్నాయి. అక్టోబరు లోపు వాళ్లిద్దరూ తమ పరిధిలోని సొంత కట్టలన్నీ నడిచి చూడటానికి కలెక్టర్లు ఆదేశాలు ఇవ్వాలి. విపత్తు నిర్వహణ చట్టం 2005 నుంచీ ఉంది, కొత్త జీవో కోసం ఆగనక్కర్లేదు. చూసొచ్చాక సచివాలయం గోడ మీద పెయింటుతో రాయించాలి: కట్ట ఏ సర్వే నంబరులో ఉంది, యజమాని ఎవరు, అర్ధరాత్రి తూము ఎత్తేది ఎవరు, అతని ఫోన్ నంబరు ఎంత, అతను ఊళ్లో లేకపోతే ఇంకెవరు.